ఆకులు తినేస్తున్న పురుగులు: మందు కొట్టే ముందు తింటున్నది ఎవరో చూడండి

బెంగళూరులో మన తెలుగువాళ్ళ ఇళ్ళ ముందు చూస్తే దాదాపు అవే చెట్లు కనపడతాయి. గేటు పక్కన నందివర్ధనం, కాంపౌండ్ గోడ వెంట మందారం, గన్నేరు, వెనకాల కరివేపాకు, నిమ్మ, మేడ మీద కుండీల్లో గులాబీ, మల్లె. మేలో రెండు వానలు పడగానే అన్నీ ఒక్కసారి చిగురేస్తాయి, ఆ చిగురు కోసమే కాచుకున్నట్టు పురుగులూ దిగుతాయి, అక్కడి నుంచి అక్టోబరు దాకా అదే గోల. అప్పుడు అందరూ అడిగేది ఒకటే, ఏ మందు కొట్టాలి అని. మందు సంగతి తర్వాత చూద్దాం, ముందు తింటున్నది ఎవరో తేల్చుకోవాలండీ, ఎందుకంటే గొంగళి పురుగుకి పనిచేసేది పెంకు పురుగుకి పనిచెయ్యదు, నత్తకి అసలు ఏ స్ప్రే చేసినా దండగే, కొన్నిసార్లు ఆకు కత్తిరించింది మనకి మేలు చేసే జీవే అయి ఉంటుంది.

మొట్టమొదట చూడాల్సింది ఆకు చిల్లులు పడిందా, ముడుచుకుందా అని. అంచులు కొరికేసి, మధ్యలో కన్నాలు పడి, ఈనెలు మాత్రం మిగిలితే అది నమిలి తినే పురుగు పని. ఆకు ముడుచుకుపోయి, బంకబంకగా ఉండి, చీమలు ఎక్కుతూ, తెల్లగా దూదిలాంటిది అంటుకుని ఉంటే అది పిండినల్లి, పేనుబంక, తెల్లదోమ లాంటి రసం పీల్చే పురుగు పని, దాని వైద్యం వేరు, ఇక్కడ చెప్పేది నమిలి తినేవాటి గురించే. నిమ్మ లేతాకుల మీద వెండి గీతలు మెలికలు తిరిగి కనిపిస్తే అది పాముపొడ, ఆకు పొరల మధ్యలో దూరి తినే చిన్న పురుగు, చెట్టు పెద్దదైతే దాన్ని పట్టించుకోకండి, ముదురాకుల జోలికి అది పోదు.

ఇంక పట్టుకునే పద్ధతి. పొద్దున్నే చెట్టు కింద నేల చూడండి, ఆకులు కాదు, నేల. మిరియం గింజంత నల్లగా, ముదురు పచ్చగా పురుగు పెంట పడి ఉంటుంది. అది ఎక్కడ పడిందో సరిగ్గా దాని పైన కొమ్మని వెతికితే పురుగు అక్కడే ఉంటుంది, ఆకు రంగులో కలిసిపోయి ఉంటుంది కాబట్టి రెండు మూడు నిమిషాలు ఓపిగ్గా చూడాలి, ఆకు అడుగు వైపు, కాడ వెంట. పెంట లేకుండా ఆకు మాత్రం రోజూ తగ్గిపోతుంటే రాత్రి ఎనిమిదిన్నర తొమ్మిదికి టార్చి తీసుకుని వెళ్ళండి. సగం దొంగలు రాత్రి మాత్రమే వస్తారు, పగలు ఎంత వెతికినా దొరకరు. నేల మీద, గోడ మీద, కుండీ అంచున ఎండిపోయిన జిగురు గీత మెరుస్తుంటే అది నత్త.

నందివర్ధనం సంగతి ముందు చెప్తా, ఎక్కువమంది కంగారు పడేది దీని గురించే. ఒక వారంలో కొమ్మ కొమ్మంతా బోడి అయిపోతుంది, వెళ్ళి చూస్తే వేలంత లావు పచ్చటి పురుగు, తల దగ్గర రెండు నీలం తెలుపు కళ్ళలాంటి మచ్చలు, తోక మీద చిన్న కొమ్ము. ముట్టుకుంటే తల లోపలికి లాక్కుని ఆ మచ్చల్ని ఉబ్బించి పాములా భయపెడుతుంది, అంతే, కుట్టదు, కరవదు, విషం ఎక్కించదు. ఇది గన్నేరు మీద కూడా బతికే పెద్ద రెక్కల పురుగు పిల్ల, పెద్దయ్యాక పచ్చ గులాబీ రంగులు కలిసిన అందమైన రెక్కలతో సాయంత్రం పూట పూల చుట్టూ గింగిరాలు కొడుతుంది. పురుగు గోధుమ రంగులోకి మారి చెట్టు దిగి నేల మీద పాకుతుందంటే దాని తిండి అయిపోయిందని అర్థం, గూడు కట్టుకోవడానికి పోతోంది, అప్పుడు దాన్ని చంపి చెట్టుకి ఒరిగేది ఏమీ లేదు. మీ చెట్టు మనిషెత్తు ఉంటే ఒకటి రెండు పురుగులు ఉన్నా ఊరుకోండి, ఆకు మళ్ళీ వచ్చేస్తుంది, నందివర్ధనం అంత గట్టి చెట్టు ఇంకోటి లేదు. కొత్తగా పెట్టిన చిన్న మొక్క అయితే మాత్రం ఒక్క పురుగు చాలు మొత్తం ఊడ్చేయడానికి, అందుకని చేత్తో తీసేయండి. గన్నేరు కొమ్మలు కత్తిరించేటప్పుడు గ్లౌజులు వేసుకోండి, చెట్టంతా విషమే, తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి, కత్తిరించిన కొమ్మలు తగలబెట్టొద్దు, ఆ పొగ కూడా మంచిది కాదు.

కరివేపాకు, నిమ్మ, మారేడు, మధుకామిని, ఇవన్నీ ఒకే కుటుంబం, వీటి మీదకి వచ్చేవి సీతాకోకచిలుక పిల్లలు. లేతాకు మీద పసుపుపచ్చ గుండ్రటి గుడ్డు ఒకటి ఒకటిగా పెట్టి పోతుంది తల్లి, పిల్ల పుట్టినప్పుడు అచ్చం పిట్ట రెట్టలా నలుపు తెలుపు ఉంటుంది, అందుకే చాలామందికి కనపడదు, పెరిగాక పచ్చగా మారుతుంది, వేలు తగిలిస్తే తల వెనకనుంచి నారింజ రంగు కొమ్ముల జత బయటికి తీసి ఘాటు వాసన వదులుతుంది. దీనికి కూడా భయపడక్కర్లేదు. మోకాలెత్తు కరివేపాకు మొక్కకి మాత్రం ఇది పెద్ద ఆపద, మూడు నాలుగు పురుగులు పడితే కాడలే మిగులుతాయి. నా లెక్కలో దీనికి అన్నిటికన్నా మంచి మందు దోమతెర. పాత దోమతెర ముక్క నాలుగు పుల్లల మీద కప్పి కింద తాడుతో కట్టేస్తే తల్లి సీతాకోక గుడ్డు పెట్టలేదు, ఎండ, వాన, గాలి లోపలికి వస్తాయి, మొక్క నడుమెత్తు అయ్యేదాకా అలా ఉంచితే చాలు, కప్పే ముందు లోపల గుడ్లు, పురుగులు లేకుండా చూసుకోండి అంతే. మొక్క పెద్దదయ్యాక ఒక కొమ్మ వాటికి వదిలేయండి, సీతాకోకచిలుకలు కావాలంటే వాటి పిల్లలకి ఎక్కడో ఒకచోట తిండి ఉండాలి కదా. చిన్న మొక్క మీద తీసిన పురుగుల్ని పెద్ద నిమ్మ చెట్టు మీదకో మారేడు మీదకో మార్చినా బతికేస్తాయి. పుల్లమజ్జిగ పోస్తే పురుగు పోతుందని అంటుంటారు, పురుగుకీ దానికీ ఏ సంబంధం లేదండీ.

ఇంట్లో పోపులో వేసుకునే ఆకు మీద, పప్పులో పిండుకునే నిమ్మ మీద రసాయన మందు కొట్టొద్దు. ఇందులో నాకు రెండో మాట లేదు. తోటల వాళ్ళు మందు కొట్టి ఇన్ని రోజులు ఆగి కొయ్యాలని లెక్క పెట్టుకుంటారు, మనం అలా ఆగం, పొద్దున కొట్టించి మధ్యాహ్నం సాంబార్లోకి తుంపుతాం.

గులాబీకి వచ్చేసరికి రెండు రకాల చిల్లులు ఉంటాయి, రెండూ కలిపేసుకుంటారు. ఆకు అంచున కత్తెరతో కోసినట్టు గుండ్రంగా, నున్నగా ముక్క పోయి ఉంటే అది ఆకు కత్తిరించే తేనెటీగ, ఆ ముక్క అది తినదు, తీసుకుపోయి గూట్లో పిల్లకి అరలు కట్టుకుంటుంది. బోగన్‌విలియా ఆకుల్లో కూడా ఇలాంటి కోతలు కనపడతాయి. మొక్కకి ఏమీ కాదు, పైగా పువ్వుల మీద పరాగం మోసేది అదే, దాని మీద మందు కొడితే మన పెరట్లో కాయలే తగ్గుతాయి. గరుగ్గా, ఎలా పడితే అలా, ఆకంతా జల్లెడలా చిల్లులు పడి ఉంటే అది పెంకు పురుగు, గోధుమ రంగులో చిక్కుడు గింజంత ఉంటుంది, మొదటి వానల తర్వాత నేలలోంచి లేచి చీకటి పడ్డాక వచ్చి తింటుంది, వరండా లైటు చుట్టూ టపటపా కొట్టుకునేవి కూడా ఇవే. వీటికి టార్చి, ఒక పాత దుప్పటి, సబ్బు నీళ్ళ బకెట్ చాలు. రాత్రి మొక్క కింద దుప్పటి పరిచి కొమ్మ గట్టిగా ఊపితే రాలిపడతాయి, ఎత్తి బకెట్‌లో వేసేయండి, అలా వారం పది రోజులు చేస్తే తేడా కనపడుతుంది. దీని పిల్ల ఇంకా ప్రమాదం, మట్టిలో ఉండి వేర్లు తింటుంది, తెల్లగా, లావుగా, వంకర తిరిగి ఉంటుంది, కుండీ మార్చేటప్పుడు కనపడితే ఒక్కటి కూడా వదలొద్దు. సరిగ్గా మాగని పచ్చి పేడ ఎరువు వాడితే ఇవి తప్పకుండా వస్తాయి, అందుకని ఎరువు మట్టి వాసన వచ్చేదాకా మాగాకే వేయండి. మట్టిలో కుండీకి గుప్పెడు వేప పిండి కలపండి, ఇక్కడి షాపుల్లో కన్నడలో బేవిన హిండి అని అడిగితే ఇస్తారు. వేరు పురుగు మరీ ఎక్కువగా ఉంటే మెటారైజియం అని పొడి దొరుకుతుంది, అదొక బూజు, మాగిన ఎరువులో కలిపి మట్టిలో వేసి తడి ఆరకుండా చూస్తే పురుగుకి పట్టి చంపుతుంది.

మల్లెకి వానాకాలంలో ఆకులు గూడులా అల్లుకుని లోపల చిన్న పచ్చ పురుగు కూర్చుని ఆకు పచ్చదనమంతా గీకేసి జల్లెడ చేస్తుంది. పొద బాగా గుబురుగా, నీడలో ఉంటే మరీ ఎక్కువ. గూడు కట్టిన ఆకుల్ని కత్తిరించి కవర్లో మూట కట్టి పడేయండి, పొద లోపలికి వెలుతురు వచ్చేలా కొమ్మలు పలచన చేయండి, అంతకు మించి పెద్దగా ఏం అక్కర్లేదు.

లద్దె పురుగు అని ఇంకోటి ఉంది, పొలాల్లో మిరప, పొగాకు వేసినవాళ్ళకి బాగా తెలుసు, అది పెరట్లోకి కూడా వస్తుంది, గులాబీ, మందారం, ఏది దొరికితే అది. గుడ్లు కుప్పగా పెట్టి పైన గోధుమ రంగు నూగు కప్పుతుంది, ఆకు అడుగున అలాంటి మచ్చ కనపడితే ఆ ఒక్క ఆకు తుంచి సబ్బు నీళ్ళలో ముంచండి, వందల పురుగులు ఒక్క ఆకుతో పోతాయి. రెండు రోజులు ఆలస్యమైతే అవి చెట్టంతా చెదిరిపోతాయి, పెద్దయ్యాక పగలు మట్టిలో దాక్కుని రాత్రి వస్తాయి, అప్పుడు పట్టుకోవడం కష్టం.

నూగు ఉన్న గొంగళి పురుగులు మాత్రం చేత్తో ముట్టుకోవద్దు. మునగ చెట్టు మానుకి గుంపులుగా అతుక్కుని ఉండేవి, ఒళ్ళంతా ముళ్ళతో పచ్చగా పొట్టిగా ఉండేవి, రెండూ ఒళ్ళు మండిస్తాయి. పాత పట్టకారుతోనో రెండు పుల్లలతోనో ఎత్తండి. తగిలితే రుద్దకండి, రుద్దితే నూగు ఇంకా లోపలికి పోతుంది, ప్లాస్టర్ టేపు అంటించి లాగితే నూగు ఊడొస్తుంది, ఆ తర్వాత సబ్బుతో కడిగి ఐస్ పెట్టండి. కంట్లో పడితే ఇంటి వైద్యం వద్దు, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. పిల్లలు ఆడుకునే చోట మునగ ఉంటే వానాకాలంలో మాను ఒకసారి చూసి పంపండి.

నత్తల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే బెంగళూరులో అవి నిజంగా పెద్ద సమస్య. అరచేతిలో పట్టేంత పెద్ద గోధుమ చారల నత్త, మన దేశపుది కాదు, తూర్పు ఆఫ్రికాది, 1847లో మారిషస్ మీదుగా కలకత్తాకి తెచ్చారు, అక్కడి నుంచి దేశమంతా పాకింది. ఒక విడతకి వందకు పైగా గుడ్లు మట్టిలో పెడుతుంది. దాన్ని ఉత్త చేత్తో అస్సలు పట్టుకోవద్దు, మెదడుకి ప్రమాదమైన ఒక రకం నులిపురుగుని అది మోస్తుంది, గ్లౌజులు కానీ ప్లాస్టిక్ కవరు కానీ వేసుకోవాలి, దాని జిగురు పాకిన ఆకుకూరలు బాగా కడిగి వండుకునే తినాలి. పట్టడానికి తేలిక దారి ఏంటంటే, సాయంత్రం తడిపిన గోనెసంచి కింద నాలుగు బొప్పాయి ఆకులో క్యాబేజీ ఆకులో పెట్టి చెట్ల మధ్య పరిచేయండి, పొద్దున్నే ఎత్తి చూస్తే వాటి కింద చేరి ఉంటాయి. చిక్కటి ఉప్పు నీళ్ళ బకెట్‌లో వేసి, చచ్చాక గొయ్యి తీసి పూడ్చండి. ఉప్పు మాత్రం చెట్ల మొదట్లో చల్లొద్దు, నత్తతో పాటు మట్టి కూడా పాడవుతుంది. నత్త గుళికలు అమ్ముతారు, ఇంట్లో కుక్క ఉన్నా, వీధి కుక్కలు లోపలికి వచ్చే ఇల్లయినా ఆ గుళికలు వేయకండి, తింటే కుక్కలు చచ్చిపోతాయి. కుండీల కింద, ఇటుకల సందుల్లో, పాత పలకల కింద పగలు దాక్కుంటాయి కాబట్టి ఆ చెత్త ముందు తీసేస్తే సగం పని అయినట్టే. పక్కింటి వాళ్ళు, వీధిలో వాళ్ళు కలిసి ఒకే వారంలో ఏరితే ఇంకా మంచిది, ఒక్క ఇంట్లో ఏరితే పక్క సైటు నుంచి మళ్ళీ వచ్చేస్తాయి.

ఇంక స్ప్రేల సంగతి. చేత్తో ఏరడం చాలనప్పుడే ఇది. అన్నిటికీ ఒకటే నియమం, సాయంత్రం ఎండ తగ్గాక, తేనెటీగలు పోయాక, ఆకు అడుగు భాగం తడిసేలా కొట్టాలి, ముందు ఒక్క కొమ్మ మీద కొట్టి రెండు రోజులు ఆగి ఆకు మాడలేదని చూసుకుని మిగతాదానికి కొట్టాలి.

వేప నూనె మందు డబ్బా మీద పీపీఎం అని ఒక అంకె ఉంటుంది, మందు ఎంత గాఢమో చెప్పేది అదే, 1500 పీపీఎం అని ఉంటే లీటరు నీళ్ళకి 5 ఎంఎల్, 10000 పీపీఎం అని ఉంటే 1 నుంచి 2 ఎంఎల్ చాలు, ఈ అంకె చూడకుండా ఎవరో చెప్పిన కొలత వేస్తే ఆకులు మాడతాయి. గానుగలో తీసిన మామూలు వేప నూనె నీళ్ళలో కలవదు, ముందు గోరువెచ్చని నీళ్ళలో కాస్త మెత్తటి సబ్బు కరిగించి అందులో నూనె వేసి బాగా గిలకొట్టి, అప్పుడు మిగతా నీళ్ళు పోయాలి. కలిపింది అదే రోజు వాడేయాలి, రేపటికి దాచుకుంటే పనిచెయ్యదు. వేప పురుగుని అక్కడికక్కడ చంపదు, తిండి మీద అయిష్టం పుట్టిస్తుంది, ఎదగనివ్వదు, కాబట్టి పొద్దున లేచి చూసి పురుగు ఇంకా ఉంది, మందు నకిలీ అనుకోకండి, వారానికోసారి చొప్పున రెండు మూడు సార్లు కొట్టాలి. వేప గింజలు దొరికితే పప్పు దంచి లీటరుకి 50 గ్రాములు రాత్రంతా నానబెట్టి వడకట్టి కాస్త సబ్బు కలిపి కొడితే అదే 5 శాతం కషాయం, మన ఊళ్ళలో రైతులు చేసుకునేది ఇదే. బెంగళూరు దగ్గర హెసరఘట్టలో ఉన్న ఐఐహెచ్ఆర్ (కేంద్ర ఉద్యాన పంటల పరిశోధన సంస్థ) వాళ్ళు వేప సబ్బు, కానుగ సబ్బు తయారుచేసే పద్ధతి కనిపెట్టారు, అవి దొరికితే ఇంకా తేలిక, గీరి నీళ్ళలో కరిగించడమే, మోతాదు ప్యాకెట్ మీద రాసినంతే.

గొంగళి పురుగులు చిన్నగా ఉన్నప్పుడు నేను ముందు చెప్పేది బీటీ పొడి. బాసిల్లస్ తురింజియెన్సిస్ కుర్స్టాకి అనే బాక్టీరియా అది, ఆకుతో పాటు తిన్న పురుగు పేగుకి చిల్లులు పడి కొన్ని గంటల్లో తిండి మానేస్తుంది, రెండు మూడు రోజుల్లో చస్తుంది. తేనెటీగకి, పిట్టకి, మనకి హాని లేదు. లీటరుకి గ్రాము, రెండు గ్రాములు, డబ్బా మీద చూసుకోండి. వేలంత పెద్ద పురుగుకి పెద్దగా పట్టదు, పెంకు పురుగుకీ మిడతకీ నత్తకీ అస్సలు పట్టదు, ఎండకి, వానకి పోతుంది. సీతాకోక పిల్లల్ని కూడా చంపుతుంది కాబట్టి వాటికి వదిలేసిన కొమ్మ మీద పడకుండా చూసుకోండి. మిడతలకైతే స్ప్రే ఎందుకు, బెంగళూరు పొద్దుటి చలికి అవి బద్ధకంగా కదలకుండా కూర్చుంటాయి, ఆరున్నరకి వెళ్తే చేత్తోనే పట్టేయొచ్చు.

అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళు మాలీ అన్నతో ఒకసారి కూర్చుని మాట్లాడండి, ఆయన ఏ డబ్బా వాడుతున్నాడో చూడండి. మన దేశంలో ప్రతి పురుగుమందు డబ్బా మీద మూల మీద నిలబెట్టిన చతురస్రం గుర్తు ఉంటుంది, దాని కింద సగం ఎరుపైతే అతి విషం, తర్వాత పసుపు, నీలం, పచ్చ అన్నిటికన్నా తక్కువ. ఎరుపు, పసుపు డబ్బాలకి ఇళ్ళ మధ్యలో చోటు లేదు. పాపం ఆయనే మాస్కు, గ్లౌజులు లేకుండా కొడుతుంటాడు, ముందు నష్టపోయేది ఆయన ఆరోగ్యమే, అవి కొనిపెట్టడం అసోసియేషన్ బాధ్యత.

మందు కొట్టని పెరట్లో మీకు సాయం చేసేవాళ్ళు చాలామంది ఉంటారు. తొండలు, గోరింకలు, ఆకులు కుట్టి గూడు కట్టే చిన్న పిట్ట, దణ్ణం పెడుతున్నట్టు ముందు కాళ్ళు ముడుచుకునే గొల్లభామలు, సాలీళ్ళు. జెముడు కాకి ఆ పెద్ద నత్తల్ని కూడా పగలగొట్టి తింటుంది. పురుగు ఒంటి మీద బియ్యపు గింజల్లాంటి తెల్లటి గూళ్ళు అంటుకుని ఉంటే దాన్ని తీయకండి, చంపకండి, అవి చిన్న కందిరీగల గూళ్ళు, ఆ పురుగు ఎలాగూ చస్తుంది, అందులోంచి వచ్చే కందిరీగలు రేపు ఇంకో పది పురుగుల్ని చూసుకుంటాయి.

బోడి అయిపోయిన చెట్టుకి యూరియా వేయొద్దు, నీళ్ళూ బక్కెట్లకి బక్కెట్లు గుమ్మరించొద్దు. యూరియాకి వచ్చే మెత్తటి చిగురు పురుగుకి ఇంకా ఇష్టం. మాగిన ఎరువు రెండు దోసిళ్ళు, మట్టి తడి చూసి నీళ్ళు, మొదట్లో ఎండుటాకుల కప్పు చాలు, అదీ నత్తలు ఉన్నచోట కప్పు వద్దు. వేరు బాగుంటే వానాకాలంలో మూడు నాలుగు వారాల్లో కొత్త ఆకు వచ్చేస్తుంది, ఆ చిగురు వచ్చిన వారమే మళ్ళీ నేల మీద పెంట కోసం, ఆకు అడుగున గుడ్ల కోసం రోజూ పొద్దున ఒక్కసారి చూడండి. నెల దాటినా చిగురు కనపడకపోతే ఆకుల మీద కాదు, కుండీ తిప్పి వేర్లలో వెతకండి.